ఇంటిపేరు కింద గీత

నేను ఒక ఉత్తరాన్ని. హంగేరీ దేశంలో సెగెద్ అనే ఊళ్లో, వంటింటి బల్ల మీద, పాలు పొంగుతున్నాయేమోనని మధ్యలో లేచి లేచి వెళ్లిన ఒక ఇల్లాలి చేతిలో పుట్టాను. ఆవిడ పేరు బోర్బాలా. భర్త పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడు. ఊరూరా కచేరీలు చేస్తూ అప్పటికి జర్మన్ల హాంబుర్గ్‌లో ఉన్నాడు. ఆయన బయలుదేరేనాటికి చిన్నారి కూతురు ఎస్తెర్ జ్వరంతో మూలుగుతోంది.

కవరు మీద ఆవిడ "కెలెమెన్ అంబ్రుష్" అని రాసింది. కెలెమెన్ ఇంటిపేరు. హంగేరీవాళ్లు అచ్చం మీలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. జర్మన్లకు అది చివర వస్తుంది. అందుకని హాంబుర్గ్ తపాలా గుమాస్తా నన్ను 'ఏ' అక్షరం గూట్లో పడేశాడు.

ఆయన రోజూ కిటికీ దగ్గరికి వచ్చేవాడు.

"కెలెమెన్ పేరు మీద ఏమైనా వచ్చిందా అండీ?"

"'కె' గూడు ఖాళీ అయ్యా. రోజూ వచ్చి అడిగితే ఉత్తరం పుడుతుందా?"

నేను అక్కడే ఉన్నాను. ఇన్ని మాటలు నా ఒంటి మీద రాయించి, నోరు మాత్రం ఎందుకివ్వలేదని దేవుణ్ణి మెల్లిగా అడిగాను.

ఉత్తరం రాకపోవడానికి ఆయనకు తోచిన అర్థం ఒక్కటే, ఎస్తెర్‌కు ఏదో అయింది. కచేరీనాడు పొద్దున ఫిడేలు పెట్టె మూసేసి, ఊరికి పోతానని బస ఇంటావిడతో చెప్పేశాడు. ఈ సంగతంతా తర్వాత ఆయన నన్ను పక్కన పెట్టుకుని భార్యకు రాసిన జవాబులో చదివాను.

"టికెట్లన్నీ అమ్ముడయ్యాక పారిపోతే జనం ఏమంటారు, అంబ్రుష్ గారూ?"

"నా ఇంటిపేరు కెలెమెన్ అమ్మా. అంబ్రుష్ కాదు."

"బస పుస్తకంలో మీ చేత్తో మీరే రాశారు కదయ్యా! చివరిది ఇంటిపేరు కాకపోతే మరేమిటి? మీ దేశంలో తలకిందులుగా నడుస్తారా?"

ఆయన టోపీ కూడా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "'ఏ' గూడు చూడండి!"

అక్కడికక్కడే నన్ను విప్పాడు. "ఎస్తెర్‌కు జ్వరం దిగింది. మీ విరిగిన ఫిడేలు కమాను పట్టుకుని పిల్లి మీద వాయిస్తోంది. పిల్లి తప్ప అందరం క్షేమం."

తపాలా ఆఫీసు మెట్ల మీద కూలబడి నవ్వాడు, ఏడ్చాడు. ఆ సాయంత్రం నన్ను కోటు లోపలి జేబులో పెట్టుకుని వాయించాడు. అదంతా పాత ఫిడేలు గొప్పతనమని పత్రికలు రాశాయి. పిల్లి గొప్పతనమని నాకు తెలుసు.

ఇప్పుడు నేనూ, నా తర్వాత వచ్చిన ఉత్తరాలూ ఒక మ్యూజియంలో అద్దం కింద ఉన్నాం. నా కవరు తప్ప మిగతా అన్నింటి మీదా ఇంటిపేరు కింద బోర్బాలా లావుపాటి గీత గీసింది. అదేదో సంగీతపు గుర్తని పండితులు వంగి వంగి చూస్తారు.

గుమాస్తా మీద కోపం ఎప్పుడో పోయింది. తప్పు గూట్లోనైనా భద్రంగానే ఉంచాడు. ఇక ఆ బస ఇంటావిడ రోజూ తప్పు పేరుతో పిలవకపోతే, నేను అక్కడే చీకిపోయేదాన్ని. ఏ లోకంలో ఉన్నా ఆ తల్లి చల్లగా ఉండాలి. అక్కడ కూడా ఆయన్ని అంబ్రుష్ గారనే పిలుస్తూ ఉండాలి.