పొట్టు కలిపిన కోర్టు

ఉదయగిరిలో నా టిఫిన్ అంగడి ముందు ఒక బల్ల ఉంది. దానికి ఏ జబ్బుందో గానీ, దాని మీద కూర్చున్నవాళ్ళందరికీ ఊరిని బాగుచేసేద్దామనే బుద్ధి పుడుతుంది. ఇడ్లీ చల్లారిపోతున్నా పట్టించుకోరు. ఆ నెలంతా అక్కడ ఒకటే మాట, సరళ వస్తోందని.

"సరళ వస్తే స్టేడియం వస్తాది. స్టేడియం వస్తే లాడ్జీలొస్తాయి, రోడ్డు వెడల్పవుతాది. నీ అంగడికి గిరాకీ పట్టలేవు రేణుకమ్మా," అన్నాడు పెంచలప్రసాద్. ఆయన మా ఊళ్ళో పెద్ద రైతు, సరళ సన్మాన కమిటీకి ప్రెసిడెంటు. ఆయన పంచె మీద మరక చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

"ఏమొస్తాది సామీ? ఆ పిల్ల పతకం తెచ్చినాక ఊరికి వచ్చినవి నాలుగు ఫ్లెక్సీలు, దాని పేరుతో ఒక బేకరీ. ఒకరు కబడ్డీ ఆడితే ఊరంతా బాగుపడతాదా యాడన్నా?" అన్నాడు కొయ్య చెంచాలు చెక్కే ఓబయ్య.

"ముందు తినండి. ఊరు యాడికీ పోదు," అన్నాను నేను.

నిజం చెప్పాలంటే, ఊరి దశ తిరగడం కంటే నా మనవరాలు లిఖిత జట్టులోకి రావడమే నాకు ముఖ్యం. సన్మానం తర్వాతి ఆదివారం ఆత్మకూరులో జిల్లా బాలికల కబడ్డీ సెలక్షన్లు. వచ్చే ఏడు దానికి ఆ జట్టు వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరి అవకాశం. హైస్కూలు వెనక కోర్టులో తెల్లారకముందే కూత మొదలుపెట్టేది పిచ్చిది.

ఆ కోర్టు సంగతి చెప్పాలి. నాది పొట్టు పొయ్యి. చెంచాలు చెక్కే ఇళ్ళ నుంచి కొయ్య పొట్టు మూటలు మూటలుగా తెచ్చుకుని దాని మీదే వండుతాను. ఎర్రమట్టిలో చెరువు ఒండ్రు, ఈ పొట్టు కలిపి తడిపితే నేల మెత్తబడుతుంది, పడినా చర్మం ఊడదు. చిన్నప్పుడు సరళ రోజూ పొద్దున్నే గంప పట్టుకుని "అత్తా, పొట్టు" అంటూ వచ్చేది. తాతల ఊరు సోమశిల డ్యాము నీళ్ళలో మునిగిపోతే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కూలివాళ్ళ ఇంటి పిల్ల. అది దేశానికి ఆడుతుంటే టీవీలో చూసి నేను ఏడ్చాను. నా పొట్టు మీద పడి లేచిన పిల్ల కదా.

సన్మానానికి ముందు చెల్లెలి ఇంట్లో శుభకార్యమని ఆత్మకూరు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాను. అంగడి తలుపు ఇంకా తీయలేదు, లిఖిత ఉబ్బిన కళ్ళతో ఎదురొచ్చింది.

"అవ్వా, కోర్టు మీద సిమెంటు పోసేసినారు."

పరిగెత్తినట్టే వెళ్ళాను. మట్టంతా గీకేసి, నున్నగా సిమెంటు పోసి, మధ్యలో ఎర్ర రంగుతో సరళ పేరు రాయించారు. పక్కన పెంచలప్రసాద్ పెళ్ళి పెద్దలా నిలబడి నీళ్ళు కొట్టిస్తున్నాడు.

"ఎట్టుండాది రేణుకమ్మా? పెద్ద పెద్దోళ్ళు వస్తా ఉండారు. దుమ్ములో కూర్చోబెడితే మన సరళకు ఏం మర్యాద?"

నాకు ఒళ్ళు మండింది. "పిల్లోళ్ళు యాడ ఆడాల? దీని మీద పడితే ఎముక మిగల్తాదా?"

"స్టేడియం వస్తా ఉండాది గదమ్మా!"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననీయదు. వచ్చే స్టేడియం దేవుడెరుగు, ఉన్న కోర్టు పోయింది. ఆ మాటే ఆయన ముఖాన అనేసి వచ్చాను. ఆయన నొచ్చుకున్నాడు. పాపం, ఆ మనిషిలో కుళ్ళు లేదు. గౌరవమంటే సిమెంటేనని నమ్మాడు, అంతే.

సన్మానం రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆత్మకూరు రోడ్డు నుంచి డప్పులతో సరళను ఊరేగించి తెచ్చారు. దండలు, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు స్టేడియం వాగ్దానాలు. చివరికి మైకు పట్టుకున్నాయన, "మన సరళమ్మ మన పిల్లలతో ఒక్క కూత ఆడి చూపించాలి!" అన్నాడు. జనం ఈలలేశారు.

లిఖిత, దాని జట్టు సిమెంటు మీదికి వచ్చి వరుసగా నిలబడ్డారు. సరళ దండలు తీసి పక్కన పెట్టింది, చెప్పులు విడిచింది. కూతకు వెళ్ళే ముందు నేలను తాకి కళ్ళకద్దుకోవడం కబడ్డీ పిల్లలందరికీ ఆనవాయితీ. వంగి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మామా, మన మట్టేది?" అంది పెంచలప్రసాద్ వైపు చూసి.

"తీయించేసినామమ్మా. నీ పేరు కూడా రాయించినాము, చూడు," అన్నాడాయన మురిసిపోతూ.

సరళ కోప్పడలేదు. నిలబడి, పంటి కింద పెదవి పట్టుకుని, నవ్వాపుకుంది. తర్వాత మైకు అడిగి తీసుకుంది.

"స్టేడియం ఎప్పుడొస్తాదో నాకు తెలీదు మామా. నేను ఆడినానని ఊళ్ళు మారిపోతాయో లేదో అదీ తెలీదు. ఆదివారం ఈ పిల్లోళ్ళకి సెలక్షన్లు. దీని మీద ఈళ్ళని పడనీయను. నాకు ఇంకేం సన్మానం వద్దు, కాస్త మట్టి చూపించండి."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెంచలప్రసాద్ ముఖం నల్లబడింది. స్టేజీ మీద పెద్దలంతా వాచీలు చూసుకుంటున్నారు. పెంచలప్రసాద్ లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నాను.

"స్కూలు గోడకవతల నా కళ్ళం ఖాళీగా ఉండాది. వేరుశనగ పనులు అయిపోయినాయి. అక్కడ ఆడుకోండి. ఒరే, ట్రాక్టరు తీయండిరా, చెరువు కాడికి పోదాం!" అన్నాడు.

ఇక చూడాలి మా ఊరిని! కుర్చీలు మోయడానికి వచ్చినవాళ్ళు పారలు పట్టుకున్నారు. డప్పులవాళ్ళు గంపలు మోశారు. సరళ సన్మానపు శాలువా నడుముకు బిగించి జల్లెడ పట్టింది. ఒండ్రు వచ్చింది, ఎర్రమట్టి వచ్చింది. "అత్తా, పొట్టు," అని కేకేసింది సరళ.

అంగట్లో ఉన్న మూటలన్నీ తెచ్చి కుమ్మరించాను.

"రేపు ఇడ్లీ ఎట్టా?" అన్నాడు ఓబయ్య.

"ఇంటికి పోయి నీ పెండ్లాన్ని అడుగు."

పొద్దుగూకే వేళకు కోర్టు తయారైంది. సరళ నేలను తాకి కళ్ళకద్దుకుని కూతకొచ్చింది. లిఖిత దాని కాలు పట్టుకుంది, ఇద్దరూ కలిసి పడ్డారు. లేచాక చూస్తే ఎవరికీ గీరైనా పడలేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆదివారం ఆత్మకూరులో లిఖితకు జట్టులో చోటు దొరికింది. మిగతా పిల్లలకు దొరకలేదు. తిరుగు బస్సులో సగం దూరం ఏడుపు, మిగతా సగం పాటలు. స్టేడియం కబురు ఇప్పటికీ లేదు. పేరు రాసిన ఆ సిమెంటు మీద ఎవరో ఒకరు మిరపకాయలు ఆరబోస్తున్నారు.

మొన్న పొద్దున్నే ఓబయ్య బల్ల మీద కూర్చుని పాత రాగం ఎత్తుకున్నాడు. "నేను చెప్పలా? ఆ పిల్ల వచ్చిపోయింది, ఊరేమన్నా మారిందా?"

నేను జవాబు చెప్పేలోపే అంగడి ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు. పెంచలప్రసాద్. కాళ్ళకు చెప్పుల్లేవు. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన తెల్ల పంచె మీద ఎర్రమట్టి. చేతిలో గంప.

"ఇంకో ఆరుగురు ఆడపిల్లోళ్ళు కొత్తగా వచ్చినారు రేణుకమ్మా. నేల గట్టిపడతా ఉండాది. కాస్త పొట్టు ఇయ్యి."