ఆరో రేవులో లేని పిల్ల

కణారన్ బీడీకి దారం చుట్టి, చివరను గోటితో నొక్కి చేటలో పడేశాడు. చూపు ఆకు మీద లేదు. ఇరవై ఆరేళ్ళుగా అతని వేళ్ళకు కళ్ళతో పని పడలేదు. కత్తిరించిన ఆకు అరచేతిలోకి వచ్చి పడుతుంది, చిటికెడు పొగాకు దాని నడుమ పరుచుకుంటుంది, బొటనవేలు దొర్లిస్తుంది, మూతి మడతపడుతుంది. అవన్నీ వాటి పాటికి అవి జరిగిపోతుంటాయి. పసుపెక్కిన గోళ్ళు, ముందుకు వంగిపోయిన వీపు, లెక్కపెట్టేలా కనిపించే డొక్కలు, ఇవీ ఆ పని అతనికి ఇచ్చిన ఆస్తులు. చెవులు మాత్రం పొద్దస్తమానం ఖాళీగా ఉంటాయి.

ఆ ఖాళీ చెవుల కోసమే ఆ షెడ్డులో కిటికీ పక్కన ఎత్తుబల్ల ఉంది. దాని మీద కూర్చున్నవాడు బీడీలు చుట్టడు, చదువుతాడు. పొద్దున పేపరు, గంజి తాగాక నవల. కింద చాపల మీదున్న ముప్పై మందీ తలా పిడికెడు బీడీలు చుట్టి అతని వాటాగా పెడతారు. కణ్ణూరు చుట్టుపక్కల షెడ్లన్నిటా ఇదే పద్ధతి. అక్కడ ఇద్దరు ఎదురుపడితే గంజి తాగావా అని అడగరు, ఇప్పుడేం చదువుతున్నావని అడుగుతారు. చదవనివాడు తలొంచుకుని పక్కదారిన పోతాడు.

ఆ బల్ల కుంజంబుది. పద్దెనిమిదేళ్ళ నుంచీ అతనిదే.

పద్దెనిమిదేళ్ళ క్రితం పాత చదువరి ఊరొదిలి వెళ్ళినప్పుడు, ఎవరు చదవాలో తేల్చడానికి ఇద్దరి చేతా ఒకే పేజీ చదివించారు. ముందు చదివింది కణారనే. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. తర్వాత కుంజంబు చదివాడు. రెండుచోట్ల తప్పు చదివాడు కూడా. అయితే ఏం లాభం! పొట్టిగా, ముఖమంతా స్ఫోటకం మచ్చలతో ఉండే ఆ మనిషి నోరు తెరిస్తే, గొంతు కడుపులోంచి కుండలో పలికినట్టు వచ్చేది. కణారన్ గొంతేమో పీక నొక్కిన కోడిది. చేతులెత్తమన్నారు. కణారన్‌కి మూడు చేతులు లేచాయి. అందులో ఒకటి తనదే.

అప్పటి నుంచీ మొదలైన కడుపుమంట చల్లారింది లేదు. షెడ్డులో అందరికన్నా వేగంగా చుట్టేది కణారనే, అయినా దాన్ని మెచ్చుకున్న నాథుడు లేడు. లైబ్రరీలో అందరికన్నా ఎక్కువ పుస్తకాలు చదివింది కణారనే, అదీ ఎవరికీ పట్టలేదు. ఆఖరికి కట్టుకున్న పెళ్ళాం చీరు కూడా సాయంత్రం పీట వాల్చుతూ, "మీ కుంజంబు ఇవాళ ఎక్కడిదాకా చదివాడు?" అని అడిగేది. ఓపిగ్గా చెప్పుకొస్తే సగంలో నిట్టూర్చేది. "ఏమిటో, నీ నోట పడితే కథ చప్పబడిపోతుంది." అలాంటి మాట విన్నవాడికి అన్నం ఎలా దిగుతుంది?

ఇక ఈ రెండు నెలల సంగతి వేరు. షెడ్డులో ఇప్పుడు నడుస్తున్న నవల 'ఆరో రేవు'. చందు అనే పడవవాడు, అతని రేవును లాక్కోవాలని చూసే జన్మి, అంటే ఆ ఊరి భూస్వామి, ఏటికి రెండువైపులా బతుకులు. అందులో మాతు అనే ఉప్పమ్మే పిల్ల ఉంది. రోజూ ఏరు దాటుతుంది, పడవ కూలికి బదులు చందు అరచేతిలో చిటికెడు ఉప్పు పోసి వెళ్తుంది. వరద వచ్చిన పూట ఆ పిల్ల ఒక్కతే పడవ తాడు పట్టుకుని తెల్లవార్లూ నీళ్ళలో నిలబడింది. కుంజంబు అది చదివిన రోజు షెడ్డులో ఒక్క బీడీ చుట్టింది లేదు. ముప్పై మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారు. కణారన్ కూడా ఏడ్చాడు. ఏడుస్తూ, ఆ ఏడిపించినవాణ్ణి చూసి మరీ కుళ్ళుకున్నాడు.

ముగింపు అందరికన్నా ముందు తనకు తెలిసిపోవాలన్న దుగ్ధతో మొన్న ఆదివారం ఐదు మైళ్ళు నడిచి పుళ్ళిక్కర లైబ్రరీకి వెళ్ళాడు. ఇంకో ప్రతి అక్కడుంది. బెంచీ మీద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదివాడు. మొదట్లో అంతా షెడ్డులో విన్నదే. తర్వాత తేడా మొదలైంది. మాతు వస్తుందేమోనని పేజీలు తిప్పాడు. రాలేదు. వరద వచ్చింది, పోయింది, తాడు పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. చివరి పేజీ దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆ పిల్ల పుస్తకంలో లేనే లేదు.

దొరికాడు దొంగ! చదువుతున్నానని చెప్పి, ముప్పై మంది కష్టం తింటూ, నోటికొచ్చింది అల్లి చెప్తున్నాడు. కణారన్ ఐదు మైళ్ళూ గాల్లో నడిచినట్టు ఇంటికి వచ్చాడు. ఈ మాట షెడ్డులో పడితే బల్ల తనకు రాక ఎక్కడికి పోతుంది? అయితే ఆ సంబరంలోనే ముల్లులా ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. పుస్తకంలో వరద చప్పగా ఉంది. మాతు ఉన్న వరదే బాగుంది. వీడికి గొంతు చాలదా, కథ కట్టడం కూడా రావాలా?

ఇవాళ బుధవారం. రెండు రోజులుగా ఆ మాట నాలుక చివరే ఉంది. ఎత్తుబల్ల పక్కన నిలబడి కోరన్ అనే యువకుడు పేపరు చదువుతున్నాడు, రాళ్ళ బాటలో ఎడ్లబండిలా. గొంతు నవలకు దాచుకోవాలని చెప్పి కుంజంబు పేపరును రెండు నెలల క్రితమే కోరన్‌కి అప్పగించాడు. పక్క చాప మీద కణారన్ లేడూ? అతనికి మాత్రం ఇవ్వలేదు. తులామాసపు వాన పెంకుల మీద దరువేస్తోంది.

గంజి వేళయింది. చేటలు పక్కకు జరిగాయి. డబ్బాల మూతలు తెరుచుకుని ఉప్పుచేప వాసన లేచింది. తాగడం అయ్యాక తిరిగి పని మొదలయ్యేలోపు, ఇంట్లో ఎవరేం చదువుతున్నారో చెప్పుకునే కాసేపు ఉంటుంది. ఆ కాసేపే కణారన్‌కి రోజు మొత్తం మీద పండగ.

"నేనింకా ఆ తేయాకు తోట నవల్లోనే ఉన్నా. రోజుకి రెండు పేజీలకి మించి సాగట్లేదు. ఏడుపొచ్చేస్తోంది," అన్నాడు కోరన్.

"నువ్వు పుస్తకం చదవట్లేదురా, తడుపుతున్నావు," అన్నాడు పోక్కర్. గళ్ళ లుంగీ, వెడల్పాటి బెల్టు, నోట్లో ఎప్పుడూ ఒక ఎకసెక్కం, అదీ పోక్కర్ అంటే. కణారన్ వైపు తిరిగాడు. అక్కడ అన్నని ఏట్టన్ అంటారు. "కణారేట్టా, మీ నవల్లో గద్ద ఎక్కడిదాకా ఎగిరింది?"

కణారన్ వీపు నిటారైంది. "ఆ రాజ్యంలో జనం నిద్రనంతా గద్ద మూటగట్టి ఎత్తుకుపోయిందని చెప్పానా? ఏడేళ్ళుగా రాజు దగ్గర్నుంచి కుక్క దాకా ఒక్కరికీ కన్ను మూతపడలేదు. ఇప్పుడు సేనాపతి దాని గూడు వెతుక్కుంటూ మంచుకొండ ఎక్కుతున్నాడు."

"కొండ దేనికి? ఆ మూట మా అత్తగారింట్లో దింపేసిందిగా. ఆవిడ ఊరందరి నిద్రా పోతోంది, వచ్చి చూడమనండి."

షెడ్డంతా నవ్వింది. కణారన్ కూడా నవ్వాడు. ఇంకా చెప్పాలి, సేనాపతికి మంచులో దొరికిన పిల్లవాడి కల గురించి చెప్పాలి, నోరు తెరిచాడు.

"మరి మీరేం చదువుతున్నారు, కుంజంబ్వేట్టా?" అని అడిగాడెవరో.

కుంజంబు బల్ల మీదే కూర్చుని డబ్బా మూత కోసం చేత్తో వెతుక్కుంటున్నాడు. "ఇంట్లో ఏమీ లేదబ్బాయ్. మాతు గురించే ఆలోచిస్తూ కూర్చుంటున్నా."

అంతే. ముప్పై తలలూ అటు తిరిగాయి. "మాతు తిరిగొస్తుందా?" "ఆ జన్మి మనుషులు పట్టుకోలేదు కదా?" "ఒక్క ముక్క చెప్పండి ఏట్టా, మిగతాది తర్వాత చదువుదురుగాని!" గద్దా పోయింది, సేనాపతీ పోయాడు. చెప్పబోయిన కల కణారన్ నోట్లోనే ఉండిపోయింది. ఒళ్ళంతా భగ్గుమంది.

"మాతు అనే పిల్ల ఆ పుస్తకంలో లేదు," అన్నాడు.

గొంతు ఎప్పటికన్నా సన్నగా వచ్చింది. అయినా అందరికీ వినబడింది.

"ఏ పుస్తకంలో?" అన్నాడు కోరన్.

"ఆరో రేవులో. ఆదివారం పుళ్ళిక్కరలో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివా. ఉప్పమ్మే పిల్ల లేదు, తాడు పట్టుకోవడం లేదు. మనమంతా కూర్చుని ఏడ్చింది వీడి కల్పనకి. పుస్తకం ముందర పెట్టుకుని మన నెత్తిన టోపీ పెడుతున్నాడు!"

"కళ్ళు కుట్టి మాట్లాడుతున్నారు, కణారేట్టా." పోక్కర్ ముఖంలో ఎకసెక్కం లేదు.

"కుట్టాయి. అవును, కుట్టాయి! అయితే మాత్రం అబద్ధమా? ఆ పుస్తకం కోరన్‌కివ్వండి. మాతు అన్న పేరు ఒక్కచోట చూపిస్తే ఈ షెడ్డు గడప తొక్కను."

కోరన్ లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. కుంజంబు పుస్తకం మీద చెయ్యి తియ్యలేదు.

"వెతకనక్కర్లేదురా. కణారన్ చెప్పింది నిజమే."

కుంజంబు ఎవరికేసీ చూడకుండా, కణారన్ కూర్చున్న చోటికి జానెడు పక్కగా చూస్తూ మాట్లాడాడు.

"ఓణం వెళ్ళిన దగ్గర్నుంచీ కళ్ళకు పొర కమ్మేసింది. కణ్ణూరు డాక్టరు ఇక ఇంతే అన్నాడు. పేపరు కోరన్‌కిచ్చింది గొంతు దాచుకోవడానికి కాదు. చిన్న అక్షరాలు ముందు పోయాయి, పెద్దవి తర్వాత పోయాయి. బల్ల దిగితే నాకేముంది? చుట్టడం మర్చిపోయి పద్దెనిమిదేళ్ళు. పేజీ కనబడని ఆ పూట ఏదో ఒకటి చెప్పాలిగా, ఉప్పు మూటతో ఒక పిల్లని రేవులోకి దింపాను. మీరు చేతులాపేశారు. ఇంక దాన్ని వెనక్కి పంపడం నా వల్ల కాలేదు."

తిట్లు పడతాయని కణారన్ ఎదురుచూశాడు. తిండిబోతు దొంగా అని ఎవరో ఒకరు అంటారని చూశాడు. ఎవరూ అనలేదు. పోక్కర్ బల్ల వైపు జరిగాడు.

"సరేలే, కుంజంబ్వేట్టా. ఇంతకీ మాతు ఏమైంది?"

కుంజంబు నవ్వాడు. "పుస్తకంలో లేదని తేలిపోయాక ఇంకేమవుతుందిరా!" బల్ల అంచు తడుముకుంటూ దిగాడు. "రా, కణారా. కూర్చో. చాన్నాళ్ళు ఎదురుచూశావు."

ఆ మాటలో వెటకారం ఇసుమంతైనా లేదు. ఉండి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా పనికొచ్చేది. ముఖం కడుక్కొస్తానని చెప్పి కుంజంబు గోడ పట్టుకుని బయటికి వెళ్ళాడు.

కణారన్ వెళ్ళి బల్ల ఎక్కాడు. అక్కణ్ణించి షెడ్డంతా ఒక్క చూపులో అందుతుంది, అందరి నడినెత్తులూ కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్ళుగా కుంజంబుకి తన బట్టతల ఇలా కనిపించేదన్నమాట, అనుకున్నాడు.

"ఎక్కడి నుంచి చదవను?"

"ఎక్కడి నుంచైతేనేం? మొదట్నుంచే కానివ్వండి," అన్నాడు పోక్కర్, చేట ఒళ్ళోకి లాక్కుంటూ.

చదివాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. చందు పడవకు జిడ్డు రాశాడు, జన్మి కావిడి మోసుకుంటూ వచ్చిన మనిషి కబురు తెచ్చాడు. కత్తెరలు కిచకిచలాడుతూనే ఉన్నాయి. బాగున్నచోట కణారన్ ఆగి చూశాడు. ఒక్క చెయ్యీ ఆగలేదు. ఆ మధ్యాహ్నం ఆ షెడ్డులో చుట్టినన్ని బీడీలు మునుపెన్నడూ చుట్టి ఉండరు. అలవాటు కొద్దీ అందరూ పిడికెడేసి బల్ల కింద పెట్టారు. వాటా వచ్చింది, బల్ల వచ్చింది. చెవులు మాత్రం కుంజంబు వెంటే బయటికి వెళ్ళిపోయాయి.

ముఖం కడుక్కోవడానికి ఇంతసేపా? పంపు దగ్గరికి వెళ్ళిన కోరన్ తడిసి ముద్దయి ఒక్కడే తిరిగొచ్చాడు.

"కుంజంబ్వేట్టన్ వెళ్ళిపోయాడు. కొండ మీద చెల్లెలుందిగా, ఆ ఊరి బస్సెక్కాడు. ఇక రానన్నాడు."

పోక్కర్ చుడుతున్న ఆకును విప్పి మళ్ళీ చుట్టాడు.

"నీతో ఏమన్నా అన్నాడా?" కణారన్ అడిగాడు.

"బోర్డు చదివి చెప్పమన్నాడు. చదివి, చెయ్యి పట్టి ఎక్కించాను."

కణారన్ పేజీ వైపు చూశాడు. చదవబోయి ఆగాడు. ఇష్టం లేకపోయినా, నలుగురిలో సిగ్గేసినా, నోరు ఊరుకోలేదు.

"మాతు సంగతి ఏమీ చెప్పలేదా?"

కోరన్ అతని ముఖంలోకి ఎగాదిగా చూశాడు. "నేను అడగలేదు."

కుంజంబు ఒక్కడికే తెలుసు. ఆ పిల్ల నీళ్ళలోంచి బయటికొచ్చిందో లేదో, చందు ఆ ఉప్పును దాచుకున్నాడో లేదో, వాడికి ఒక్కడికే తెలుసు. తెలిసీ చెప్పకుండా బస్సెక్కి పోయాడు. ఇప్పుడు కూడా కుంజంబుదే పైచేయి! కణారన్ కడుపు ఎప్పటిలాగే మండింది. మండుతూనే కళ్ళు తడయ్యాయి. అక్షరాలు అలుక్కుపోతే తుడుచుకుని మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.

పని ముగిసే వేళకి ముప్పై ఒకటో పేజీ దగ్గరికి వచ్చాడు. చేటలు దులుపుకుని, గొడుగులు విప్పుకుని ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. ఎక్కడిదాకా వచ్చిందని ఎవరూ అడగలేదు. కణారన్ ఆ పేజీ తిప్పాడు. రెండు పేజీల మధ్య, కుట్టు దగ్గర, చీపురులోంచి విరిచిన కొబ్బరి ఈనె ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. కుంజంబు చదవగలిగింది అంతవరకే, రెండు నెలలుగా అది అక్కణ్ణించి కదల్లేదు. వేలితో తడిమినా తెలిసేంత లావుగా, చేతి చెమటకు నల్లబడి, కాగితంలో తన మందాన గాడి చేసుకుని పడుకుంది.