కింది అంచు

ఆమె ఫోన్లు తుడుస్తోంది. ఒక్కోదాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి రుద్ది, కిటికీ వెలుతురుకు వాల్చి చూసి, బల్లమీది రబ్బరు పట్టాపై వరసగా పేరుస్తోంది. పాతవి ఎడమ చివర, కొత్తవి కుడి చివర. పాతవి పొట్టిగా, బొద్దుగా, మూలలు అరిగిపోయి ఉన్నాయి. కుడికి జరిగేకొద్దీ ఫోన్లు పొడుగ్గా, పలచగా, ఒట్టి గాజు పలకల్లా ఉన్నాయి. చిట్టచివరిది పుస్తకంలా మడతపడుతుంది. దాన్ని తెరిచేటప్పుడల్లా, ఎక్కడ విరుగుతుందోనని ఆమె ఊపిరి బిగబడుతుంది.

యాభై దాటిన మనిషి. ఏసీ చలికి భుజాల మీద ఎప్పుడూ ఒక బూడిదరంగు స్వెటరు. కుడి బొటనవేలి కీలు బిగుసుకుపోయి పూర్తిగా వంగదు. రోజంతా గాజు మీద రాసి రాసి వేలికొసలు నున్నబడ్డాయి. ఆఫీసు తలుపు దగ్గరి వేలిముద్ర యంత్రం ఆమెను గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైంది. "దానికి మీరు రోజూ కొత్తే మేడమ్" అంటూ కాపలాదారు నవ్వి తలుపు తీస్తాడు.

ఆ కంపెనీ ఆసుపత్రులకు ఒక యాప్ తయారుచేసి ఇస్తుంది. డాక్టరును కలవడానికి సమయం తీసుకోవాలన్నా, పరీక్షల ఫలితాలు చూసుకోవాలన్నా, మర్నాటి చికిత్సకు వస్తున్నామని చెప్పాలన్నా రోగులకు అదే దిక్కు. బజారులోకి కొత్త ఫోను వచ్చిందంటే ఆ యాప్ అందులో సరిగ్గా కనిపిస్తోందో లేదో చూడటం ఆమె పని.

సరిగ్గా కనిపించడం అరుదు. ఫోన్లు చేసేవాళ్ళు ఏటేటా తెరను ఇంకాస్త సాగదీస్తారు, మూలలు గుండ్రంగా కోస్తారు, కెమెరా కోసం పైన నడినెత్తిన చిల్లు పెడతారు. యాప్ మాత్రం ఎదిగిన పిల్లాడికి నిరుటి నిక్కరు తొడిగినట్టు అలాగే ఉండిపోతుంది. రోగి పేరులో ఒక అక్షరం ఆ చిల్లులో పడిపోతుంది. అట్టడుగున ఉండాల్సిన బటన్ ఫోను సొంత గుర్తులుండే పట్టీ వెనక్కి జారుకుంటుంది. చూపు ఆనక పెద్ద అక్షరాలు పెట్టుకున్నవాళ్ళకైతే పూర్తిగా మాయం. ఆమె దాన్ని ఫొటో తీసి, ఎక్కడ ఏది తెగిపోయిందో రాసి పంపుతుంది. పంపినది వెళ్ళి ఎక్కడో కూర్చుంటుంది. ఈలోగా ఇంకో కొత్త ఫోను వస్తుంది.

ఆ తప్పులు దిద్దించాల్సిన టీమ్ లీడర్‌కు ఆఫీసులో అందరూ పెట్టిన పేరు 'వచ్చేవారం'. పీలగా, మెడనొప్పితో ఒక పక్కకు వాలి నడిచే కుర్రవాడు. "వచ్చేవారం తప్పకుండా చేయిస్తా అక్కా" అనేవాడు. అబద్ధమాడేవాడు కాదు. ప్రతి వారమూ అతని నెత్తిన కొత్త గొడవ ఏదో ఒకటి పడేది. ఆ మధ్య మీటింగులో పెద్దాయన ఒకరు "అసలు ఆ ఫోన్లు ఎంతమంది దగ్గరుంటాయమ్మా?" అని విసుక్కున్నారు.

"ఒకరి దగ్గరుంది సార్" అంది ఆమె.

అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తోచక ఆమె కూడా నవ్వింది.

ఆ ఒకరు ఆమె తమ్ముడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారంలో మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి, పూటంతా కుర్చీలో పడుకుని, యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకోవాలి. జబ్బు సంగతి తెలిసిన కొత్తలోనే అతని భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరిలో ఎవరూ ఆవిడను ఒక్క మాటా అనలేదు. అతను ఒక పెట్టె, ఒక పేము కుర్చీ తెచ్చుకుని అక్క ఇంటికి చేరాడు. అమ్మానాన్నలు లేని ఇంట్లో చిన్నప్పుడు అతనికి తల దువ్వి బడికి పంపింది ఆమే. ఆ పనుల్లో పడి ఆమె పెళ్ళి ప్రతిసారీ వెనక్కి జరిగింది. తర్వాత ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. మొదట టైపు మిషను దగ్గర, ఆ తర్వాత కంప్యూటరు దగ్గర, ఇప్పుడు ఈ ఫోన్ల దగ్గర ఆమె వయసంతా గడిచింది.

తమ్ముడికి చూపు మందగించిందని, పెద్ద తెర ఉంటే అక్షరాలు బాగా కనిపిస్తాయని, ఆ కొత్త ఫోను కొనిచ్చింది తనే. అదే వచ్చి పడింది. చికిత్సకు ముందురోజు మధ్యాహ్నం యాప్ 'రేపు వస్తున్నారా?' అని అడుగుతుంది. కింద ఆకుపచ్చ రంగులో 'వస్తాను' అనే బటన్. సాయంత్రంలోగా నొక్కాలి. నొక్కకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. పెద్ద అక్షరాలతో చూస్తే ఆ బటన్ అతని తెర మీద లేదు. ఫోను అడ్డంగా తిప్పి, వేలితో పైకి తోస్తే వస్తుందని ఆమె చేయిపట్టి నేర్పింది. అయినా కుదరలేదనేవాడు. ఆమె సెలవులు ఉన్నన్నాళ్ళూ ఆ రోజుల్లో ఇంట్లోనే ఉండి నొక్కించింది. సెలవులు అయిపోయాయి. అప్పట్నుంచి అతను వారానికి ఒక్కసారి వెళ్తే గొప్ప. పాదాలు నీరు పట్టాయి. వార్డుకు ఫోను చేస్తే నర్సు జాలిగానే "యాప్‌లో రాకపోతే మా చేతుల్లో ఏమీ ఉండదమ్మా" అంది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకముందే ఆమె ఇంటికి ఫోను చేసింది.

"తిన్నావారా?"

"తిన్నా. నువ్వు?"

"రేపటిది అడిగిందా?"

"అడిగింది. కింద ఏం లేదక్కా, నల్లగా ఉంది."

"అడ్డంగా తిప్పమన్నాగా."

"తిప్పా. అది తిరిగి, నేను తిరిగి, ఇద్దరికీ కళ్ళు తిరిగాయి."

కోపంగా ఉన్నా ఆమెకు నవ్వొచ్చింది. వాడి మాటలెప్పుడూ అంతే.

ఆమె డబ్బా కడుక్కుని వచ్చేసరికి 'వచ్చేవారం' ఆమె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం కాస్త చిన్నబోయి ఉంది.

"అక్కా, ఆ కింది బటన్ సంగతి. నిన్న ఒక ఆసుపత్రి ఛైర్మన్‌గారు కొత్త ఫోను కొన్నారట. ఆయనకే కనిపించలేదట. పొద్దున్నుంచి పైవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. సరిచేశాం. ఒక్కసారి చూసిపెట్టండి." వెళ్ళబోయి ఆగాడు. "మీరెప్పట్నుంచో చెప్తున్నారు. సారీ అక్కా."

"దానికేముందిలే బాబూ. ఇటివ్వు" అంది ఆమె.

తమ్ముడి ఫోనులాంటి ఫోనే వరసలో కుడిపక్క ఉంది. దాన్ని తీసుకుని అక్షరాలను అన్నిటికంటే పెద్దగా పెట్టింది. యాప్ తెరిచింది. పేరు చిల్లు తప్పించుకుని కిందికి దిగి నిలిచింది. ప్రశ్న రెండు వరసలుగా విరిగింది. అట్టడుగున, పట్టీకి కాస్త ఎడంగా, ఆకుపచ్చ బటన్ నిండుగా ఉంది. నొక్కింది. నొక్కుకుంది. నమ్మకం చాలక మళ్ళీ మొదట్నుంచి తెరిచి నొక్కింది. బిగిసిన బొటనవేలు నొప్పి పెట్టేదాకా అలా నొక్కుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే, ఎవరైనా చూస్తారని గుడ్డ తీసుకుని మళ్ళీ ఫోను తుడవసాగింది.

పెందలాడే వెళ్తానంటే 'వచ్చేవారం' వెంటనే సరేనన్నాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఆమె బయటికి చూడలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళ చేతుల్లోని ఫోన్లనే చూస్తూ కూర్చుంది.

ఇంట్లో తమ్ముడు బాల్కనీలో పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాదాలు స్టూలు మీద. ఉబ్బిన చర్మం మీద మేజోళ్ళ అంచు గాడిలా పడింది. జబ్బు రాకముందు అతను కార్లు నడపడం నేర్పేవాడు. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఎవరి చేతుల్లోనో ఉన్న బండిలో సగం జీవితం తిరిగాడు. కింద వీధిలో ఒక కారు ఎగిరెగిరి పడి ఆగిపోయింది.

"క్లచ్ తొందరపడి వదిలేశాడు" అన్నాడు. అప్పుడు అక్కను చూశాడు. "ఇంత పెందలాడే వచ్చావేంటి? ఉద్యోగం పీకేశారా?"

"నోర్మూసుకుని ఫోనిటివ్వు."

ఆమె చెప్పులు కూడా విప్పకుండా నిలబడే కొత్త యాప్ ఎక్కించింది. తెరిచి, అతని కళ్ళముందు పట్టుకుంది. "చూడు."

అతను కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "బావుంది. నిండుగా ఉంది."

"నొక్కు మరి. సాయంత్రం దాటితే పోతుంది."

అతను ఫోను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ బటన్ నాకు మొదట్లోనే దొరికిందక్కా."

ఆమెకు అర్థం కాలేదు.

"నువ్వు నేర్పిన రోజే వచ్చింది. అడ్డంగా తిప్పితే రోజూ వచ్చేది. నేనే నొక్కలేదు."

ఆమె అక్కడే గడప మీద కూలబడింది. "దాని కోసం నేను ఆఫీసులో ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డాను! నన్ను చూస్తే జనం నవ్వుకునేదాకా వచ్చింది. ఆ మాటేదో ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"ఎలా చెప్పను? సాయంత్రం వచ్చి, ఆ ఫోన్ల సంగతీ ఆ 'వచ్చేవారం' సంగతీ చెప్తున్నప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు. చిన్నప్పుడు నా తరఫున పక్కింటోళ్ళ మీదికి గొడవకెళ్ళినప్పుడు అలాగే ఉండేదానివి. నీ దగ్గర్నుంచి అది లాక్కోబుద్ధి కాలేదు."

ఆమె అప్పుడు చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"ఆ కుర్చీలోంచి లేచిన రోజు నేను మనిషిని కానక్కా" అన్నాడు అతను నెమ్మదిగా. "మర్నాటికి తేరుకుంటా. తేరుకునేసరికి మళ్ళీ ఇది అడుగుతుంది, రేపొస్తావా అని. ఇన్నేళ్ళూ వస్తాననే చెప్పా. ఒక్కసారి రానని చెప్పాలనిపించింది. చెప్దామంటే దాన్లో ఆ బటనే లేదు."

ఆమె ఫోను తీసుకుని చూసింది. నిజమే. ఒక్కటే బటన్. ఇన్నేళ్ళుగా ఆ తెరను మూలమూలా తడిమి చూసిన మనిషి. అది తెగిందా, వంకరగా ఉందా, రంగు తేడాగా ఉందా అని చూసిందే గాని, దాని పక్కన ఇంకోటి ఉండాలని ఎన్నడూ తట్టలేదు.

"నేను నొక్కితే?" అంది.

"నొక్కితే వస్తా. నువ్వు రమ్మంటే నేను రానిదెప్పుడు?"

ఆమె బొటనవేలు బటన్ మీదిదాకా వెళ్ళి ఆగింది. కింద కారు మళ్ళీ కదిలింది, ఈసారి ఆగకుండా మలుపు తిరిగింది. అతను అటు చూసి, మెచ్చుకోలుగా తలూపాడు. సాయంత్రపు వెలుతురులో తమ్ముడు మెడ సన్నబడి, గడ్డం నెరిసి, తను బడికి పంపిన పిల్లాడిలా లేడు. బాగా అలిసిపోయినవాడిలా ఉన్నాడు. తెర మసకబారింది. ఆమె దాన్ని తాకలేదు. కొద్దిసేపటికి దానంతటదే నల్లబడింది.

"దాహంగా ఉందక్కా" అన్నాడు.

జబ్బు వచ్చిన దగ్గర్నుంచి అతని నీళ్ళన్నీ కొలతే. గొంతెండితే ఒక మంచుముక్క నోట్లో వేసుకుని, కరిగిపోకుండా బుగ్గన దాచుకునేవాడు. ఆమె లోపలికి వెళ్ళి పెద్ద గ్లాసు అంచుదాకా నింపి తెచ్చింది. అతను గ్లాసు వంకా ఆమె వంకా చూశాడు. రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, మొత్తం తాగాడు. గడ్డం మీద కారిన నీళ్ళు ఆమె తన కొంగుతో తుడిచింది.

మర్నాడు అతనే వార్డుకు ఫోను చేసి, ఇక రానని చెప్పాడు. డాక్టరు చాలాసేపు నచ్చజెప్పి, చివరకు ఆయాసం తగ్గడానికి మందులు రాసిచ్చాడు. ఆమె జీతం లేని సెలవు పెట్టింది. ఆ తర్వాతి నాలుగు రోజులూ ఇద్దరూ చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నారు. రాత్రుళ్ళు ఆయాసం ఎక్కువైతే ఆమె అతని వీపు నిమురుతూ కూర్చునేది. ఎందుకు నొక్కలేదని తనను తాను అడుగుతూ, జవాబు రాకముందే మళ్ళీ వీపు నిమిరేది.

ఒక మధ్యాహ్నం ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. అతను కుర్చీలో వాలి, వీధిలోకి చూస్తూ ఎవరికో బండి ఆపడం రావట్లేదని గొణిగాడు. ఆమె ఊఁ కొట్టింది. బకెట్లో చివరి బట్ట పిండి, దులిపి, తీగ మీద వేసి, "ఏంటి, మాట్లాడవు?" అంటూ వెనక్కి తిరిగింది. అతను వీధివైపే తల వాల్చి ఉన్నాడు. కుడికాలు స్టూలు మీంచి జారి నేలకు ఆని, ఏదో తొక్కిపట్టినట్టు ఉంది.

ఇరుగుపొరుగు వచ్చారు. 'వచ్చేవారం' కూడా వచ్చి, మెడ వంచుకుని ఒక మూల నిలబడి వెళ్ళాడు. అందరూ వెళ్ళిపోయాక, ఎప్పుడో ఆరేసిన బట్టలు ఇంకా బయటే ఉన్నాయని ఆమెకు గుర్తొచ్చింది. ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది. చివర్లో ఒకటి మిగిలింది. తీయడానికి చెయ్యి రాలేదు. అది అతను ఆసుపత్రికి వేసుకెళ్ళే నీలం చొక్కా. సూదులు గుచ్చడానికి వీలుగా ఆమె దాని ఎడమచేతిని భుజందాకా విప్పి, అంచు మడిచి, పొడుగునా టిచ్ బటన్లు కుట్టింది. వాటిలో ఏదీ పెట్టి లేదు. గాలికి ఆ చెయ్యి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.