చూపుకు నజరానా

గరిటె కాడను ఉప్పుకాగితంతో రుద్దుతున్న షరీఫా, ప్రకటన వచ్చిందని ఫోను మోగగానే పని ఆపింది. చేతులకంటిన చెక్కపొట్టు దులుపుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని, గోడకానుకుని కూర్చుంది. తెరమీద కోటు తొడుక్కున్న ఆసామి ఎవరో సిమెంటు గురించి చెబుతుంటే, ఇంటికొచ్చిన చుట్టం మాట విన్నంత మర్యాదగా విన్నది. ఉదయగిరి కొండకింద ఆ వీధిలో అందరూ ఈ ప్రకటనలు పెట్టేసి వంట చేసుకునేవాళ్లే. నిజంగా చూసేది షరీఫా ఒక్కతే. చూడకుండా ప్రతిఫలం తీసుకుంటే హరామని ఆమె పట్టు.

ఫోన్లో ఈ ప్రకటనల యాప్ పెట్టిచ్చింది, ఆమెను పిన్నమ్మ వరసన ఖాలా అని పిలిచే పొరుగింటి ఫిర్దోస్. ఆత్మకూరులో సెల్‌ఫోన్ల అంగట్లో పని ఆ పిల్లకు. ప్రకటన చూస్తే టోకెన్లు పడతాయనీ, చూసిన సంగతి బ్లాక్‌చైన్‌లోకి ఎక్కుతుందనీ, ఆ లెక్క లోకమంతటా ఎన్నో కంప్యూటర్లలో ఉంటుంది గనక ఎవరూ చెరపలేరనీ చెప్పింది. షరీఫా ఫోనును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పెళ్లయి వచ్చింది మొదలు ఆమె నునుపు చేసిన గరిటెలు ఎన్ని ఊళ్లు దాటిపోయాయో. మొగుడు బతికున్నన్నాళ్లూ అవి ఆయన గరిటెలు, ఆయన పోయాక అంగడివాళ్లవి. అలాంటిది, ఊరికే కూర్చుని సిమెంటు మూటను చూసినందుకు లోకం ఆమెను గుర్తుపెట్టుకుంటోందట! నజరంటే చూపే కదా, నజరు పెడితే ఇచ్చేది నజరానా కాక ఏంది అని, ఆ టోకెన్లకు తనే పేరు పెట్టుకుంది.

పోయిన వారం ఫిర్దోస్ వాటితో రీచార్జి చేయించుకోమంది. కావాలంటే సొంత ప్రకటన కూడా వేసుకోవచ్చని మాటవరసకు అంది. షరీఫా చేతిలోని గరిటెను పక్కన పెట్టింది.

"అంటే, నా చూపిచ్చి ఇంకోళ్ల చూపు తెచ్చుకోవచ్చునా?"

"అంతే ఖాలా."

"అయితే నా గరిటెను చూపించు. కొనకపోయినా ఏం లేదు. ఒక్కరు కడదాకా చూస్తే చాలు."

"ఎవురు చూస్తారు ఖాలా, వేలితో తోసేస్తారు."

"నేను తోసేసినానా?"

ఫిర్దోస్ తన నల్ల బుర్ఖా గోడకు తగిలించి, దాని ముందు గరిటెను దారంతో వేలాడదీసి వీడియో తీసుకుంది.

ఈరోజు మధ్యాహ్నం నమాజు చేసుకుని లేచేసరికి ఫోను మళ్లీ మోగింది. షరీఫా కొంగు సర్దుకుని కూర్చుంది. తెరమీద ఆమె గరిటె, నల్లని చీకట్లో మెల్లగా తిరుగుతోంది. తను రుద్దిన నునుపు మీదుగా వెలుగు జారుతోంది. ఇంత అందమైనదాన్ని తానేనా చేసింది అని నిజంగానే ఆశ్చర్యపోయింది. కింద అక్షరాలు కనిపించాయి: షరీఫా, ఉదయగిరి. పేరు వేయమని ఆమె అడగలేదు. గుండెలో ఏదో బరువుగా కదిలినా, చూపు తిప్పుకోలేదు.

సాయంత్రం ఆత్మకూరు బస్సు దిగి ఫిర్దోస్ నేరుగా వచ్చింది. ఖాలా ప్రకటన చూస్తోందనుకుంది. మధ్యలో పలకరిస్తే ఒప్పుకోదని గుమ్మంలోనే నిలబడింది. ఎంతకీ కొంగు కదలకపోతే దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

ఒడిలోంచి జారబోయిన ఫోనును అందుకోగానే తెర వెలిగింది. ఆగిపోయిన గరిటె బొమ్మ కింద పచ్చని అక్షరాలున్నాయి: 'పూర్తిగా చూశారు'.