బసన్న తిట్టని రోజు

రస్మానే బుర్కినా ఫాసో నుంచి మా ఆదోని జిన్నింగ్ మిల్లుకు పని నేర్చుకోవడానికి వచ్చాడు. వాళ్ల దేశానికి సముద్రం లేదట, పత్తే బతుకట. అక్కడ మోసీలు, సామోలు అనే రెండు తెగలవాళ్లు ఎదురుపడితే తిట్టుకోవాల్సిందేనట, అదే వాళ్ల స్నేహమట.

మా హమాలీ బసన్న గంతేశాడు. "అయితే నువ్వు నాకు బావవే! సముద్రం కూడా లేదు, అదేం దేశంరా నీది?"

"మీ ఆదోనిలో సముద్రం యాడుంది బావా?" అన్నాడు రస్మానే, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో.

మిల్లంతా విరగబడి నవ్వింది. ఆ రోజు నుంచి రస్మానే తన మోరే భాషలో, బసన్న తెలుగులో తిట్టుకోని పూట లేదు. అర్థం కాకపోయినా మాకు కడుపుబ్బ నవ్వే.

రస్మానే వెళ్లిపోయే రోజు స్టేషన్లో బసన్న అతని పెట్టె మోసి రైలెక్కించాడు. చేతులు జోడించి, "పోయి రాండి సార్" అన్నాడు.

రస్మానే బిక్కమొహం వేశాడు. "నేనేం తప్పు చేసినాను బావా?"