శబరి యావలి గట్టు

భాద్రపదమాసమున నొకనాటి దినావసానవేళ నీలమేఘావృతమైన గగనము కొండశిఖరములపై వ్రాలినట్లుండ వర్షజలపూరితయైన శబరీనది యెఱ్ఱని నురుగులతో సుడులు తిరుగుచు తటవృక్షములను కూకటివేళ్లతో పెకలించుకొని పరుగులిడుచుండెను. పక్షికూజితము లుడిగెను. ఆవలి యరణ్యముమీద మూడుదినములనుండి దట్టమైన పొగ లేచుచుండెను. అది గిరిదుర్గపు చెఱసాలయొద్ద శవములను కాల్చు పొగయని రేవువారెల్లరు నెఱింగియు నోరు విప్పకుండిరి.

ఆ రేవున పడవ నడుపునది నూకమ్మ. పదునొకండేండ్లకు పూర్వ మామె భర్త పోలయ్య దుర్గాధిపతిపై తిరుగబడిన మన్యపువారిని నలువురిని నది దాటించిన నేరమునకు సంకెలలబడి యా దుర్గమున చేరెను. అప్పటికి వారి కూతురు ముత్యాలు ఉయ్యాలలోని శిశువు. నాటినుండి నూకమ్మ మారుమనువు చేసికొమ్మని బోధించిన బంధుజనమును గడప త్రొక్కనీయక తానే తెడ్డు పట్టి కూతును పెంచుచు సంవత్సరమున కొక్కమాఱు కోటవాకిట కావలివాని చేతి కొక పంచె నిచ్చి వచ్చుచుండెను. మగని మొగము చూచుట కనుజ్ఞ లేదు. ఆ పంచెకొంగున కూతు నిలువెత్తునకు సరిగా కత్తిరించిన నూలుపోగు నొకటి ముడివైచి పంపుచుండెను. ఏటేట పొడవగుచున్న యా పోగులను చీకటిలో తడవి చూచుకొనియే యతడు బిడ్డ యెదుగుట నెఱింగెను.

ఆ సాయంకాలము ఆవలి గట్టునుండి “నూకా!” యని పిలుపు వినవచ్చెను. జటలు గట్టిన తలతో నస్థిపంజరమువంటి మనుష్యుడొకడు మ్రాను నానుకొని నిలిచియుండెను.

“కోటలో మహామారి పుట్టినది! బందీల నందఱను తఱిమివేసినారు. నా వెంట వచ్చిన యిద్దఱు దారిలోనే పోయిరి. నా యొడలు కాలుచున్నది. పడవ తేవలదు! ఒక్కమాఱు పిల్లను చూపుము, చాలును.”

నూకమ్మ ముత్యాలును నీటియంచున నిలిపెను. అతడు కన్నార్పక చూచెను.

“ఈ యేటి పోగుకంటె నప్పుడే బెత్తెడు పెరిగినదే!”

నూకమ్మ కూతుచేతిని పొరుగింటి యవ్వచేతిలో నుంచి తెడ్డందుకొనెను.

“అమ్మా, నీవును పోదువా?”

“మీ అయ్యకు గంజి కాచి పోయువా రెవరే? ప్రతియుదయము నిచ్చట నిలిచి పిలువుము, పలికెదను. పలుకనినాడు మాత్ర మావలికి రావలదు. అవ్వతో వెడలిపొమ్ము.”

పోలయ్య వలదు వలదని చేతులూపుచుండగనే పడవ సుడుల నడుమ జొచ్చి యావలి గట్టు చేరెను.

వారచ్చట కొమ్మలతో గుడిసె వైచికొనిరి. ప్రతియుదయమును ముత్యాలు పిలుచుచుండెను. తల్లి పలుకుచుండెను. దినదినమును నా పలుకు సన్నగిల్లుచుండెను. తొమ్మిదవనాడు ముత్యాలు మూడుమాఱులు పిలిచినను పలుకు రాలేదు. అవ్వ కన్నీరు తుడుచుకొని యామె చేయి పట్టి లాగెను. ముత్యాలు కదలలేదు.

అంతట గుడిసెనుండి పోలయ్య ప్రాకుచు వెలువడి “అమ్మీ!” యని పిలిచెను.

“అమ్మ యేది?”

“నిద్రించుచున్నది.”

పెద్దలు మరణమును గూర్చి పిల్లలతో నెట్లు చెప్పుదురో ముత్యాలు ఎఱుగును. ఆమె యఱచెను: “ఏ నిద్ర, అయ్యా?”

అతడొకింత నివ్వెఱపడి యా మాటలోని భయమును గ్రహించి గుడిసెలోనికి తడబడుచు పోయెను. ఎంతసేపటికిని రాడయ్యెను. పిదప భార్యను భుజము పట్టి నడిపించుకొని వచ్చెను. ముడి వీడిన జుట్టుతో నూకమ్మ వెలుతురునకు కన్నులు చిట్లించి కసరెను.

“మీ అయ్యకు తెల్లవాఱుజామున జ్వరము దిగినది. ఎనిమిదిదినములకు కన్ను మూసితినే! నిమిషము పడుకొననీయవైతివి గదే!”

ముత్యాలు బురదలో చతికిలబడి నవ్వుచు నేడ్చెను. నదియుద్ధృతి తగ్గలేదు. జ్వరము మరల తిరుగబెట్టదని చెప్పగలవా రెవరును లేరు. అయినను పదునొకండేండ్లుగా పైకి పలుక నోచని “అమ్మీ” యను నా రెండక్షరములతో పోలయ్య కూతును మరల మరల పిలుచుచుండెను. ఆమె ప్రతిపిలుపునకును పలుకుచుండెను.