ఎదురు మడత

అమ్మిన చీర కొన్నవాళ్ళ ఇంట్లో చెడిపోతే ఆ దోషం ఎవరికి చుట్టుకుంటుంది? నేసినవాడికా, అమ్మినవాడికా, కట్టుకున్నావిడకా? రామాంజినేయులుకు ముప్పై ఏళ్ళుగా ఇదే సందేహం. ధర్మవరంలో అతని ఇంటి ముందుగదే అంగడి. రోజూ పొద్దున నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టి, పరుపు మీద తెల్లదుప్పటి సర్ది, మొదటి బేరం వచ్చేలోపు ఒక్కసారైనా స్వామిని ఈ మాట అడుగుతాడు. స్వామి ఏమీ చెప్పడు. ఇంతలో బేరం వస్తుంది, అడిగిన సంగతే మరిచిపోతాడు.

ఆ దోషం కొంతైనా తగ్గుతుందేమోనని, కోడలు పావని ఫోనులో వీడియోలు తీద్దామంటే సరేనన్నాడు. పట్టుచీర ఎట్లా ఆరబెట్టాలి, మరక పడితే ఏం చేయాలి, ఇట్లాంటివి తీసి కొన్నవాళ్ళకు వాట్సాప్‌లో పంపేవాళ్ళు. అందరూ ఎక్కువగా చూసింది మడత వీడియో. జరీ లోపలికి, వెనకవైపు బయటికి వచ్చేట్టు మడవాలి. అప్పుడు జరీకి గాలి తగలదు, బీరువా రేకు ఒరుసుకోదు, నల్లబడదు. అందులో ఉన్నదంతా అదే.

బుధవారం పెనుకొండ నుంచి సుమలత ఫోను చేసింది. ఆమె వాళ్ళ వీధి భజన మండలికి పెద్ద.

"అన్నా, నీ వీడియో చూసే మడిసినా. ఏడు నెల్లాయ. ఈ పొద్దు తీసి చూస్తే జరీ అంతా మసి పట్టినట్టుండాది."

"జరీ లోపలికి పెట్టినావా అమ్మా?"

"నువ్వు యెట్ల చూపిస్తే అట్ల పెట్టినా. జరీ బయటే ఉండాది."

"బయటికి పెట్టమని నేను చూపించలేదే!"

"అయితే నా కండ్లదా తప్పు?" అంది సుమలత. "మొన్న మా మండలిలో పదకొండు మంది నీ దగ్గర చీరలు తీసుకున్యారు గదా. ఆదివారం కల్యాణోత్సవానికి కట్టుకుంటారు, సోమవారం మడిసి పెడతారు. నీ వీడియో చూసి మడవమనల్లా, వద్దనల్లా? శనివారంలోపు ఒక మాట చెప్పు."

రామాంజినేయులు ఆ వీడియోను తొమ్మిదిసార్లు చూశాడు. తొమ్మిదిసార్లూ మడత సరిగ్గానే పడింది. పావనికి చూపించాడు. "సరిగ్గానే ఉండాది మామా" అంది. భార్య మహేశ్వరిని అడిగాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు.

"ఇంట్లో చీరలు మడిసేది నేను. నీ మడత నాకేం తెలుసు?"

పదకొండు చీరలు కళ్ళముందు నల్లబడుతూ కనిపించాయి. డబ్బు సంగతి కాదు. తన మాట విని, తను చూపించినట్టే చేసి చెడగొట్టుకున్నారంటే, ఇక ఆ దోషం ఎవరిదని స్వామిని అడిగే పని కూడా ఉండదు. గురువారం రైలెక్కి పెనుకొండ పోయాడు.

సుమలత చాప పరిచి, ఫోనును చెంబుకు ఆనించి, వీడియో పెట్టి చీర మడవడం మొదలుపెట్టింది. రామాంజినేయులు ఆమె ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూశాడు. ఫోనులో తన చేతులు ఎట్లా పోతున్నాయో ఆమె చేతులూ అట్లే పోతున్నాయి. చివరికి చూస్తే జరీ బయట ఉంది.

"ఇట్లివ్వమ్మా." తీసుకుని తను మడిచాడు. జరీ లోపలికి పోయింది.

మళ్ళీ ఆమె మడిచింది. జరీ బయటికి వచ్చింది. మూడోసారీ అంతే. ఒకే చీర, ఒకే వీడియో, ఒకే తీరు. రామాంజినేయులు చీర అంచులు మళ్ళీ తడిమి చూశాడు. మనసులోనే స్వామిని తలుచుకున్నాడు.

"ఎదురుగా కూర్చొని అట్ల చూస్తాంటే నాకు చేతులాడవు. నా పక్కకు రా అన్నా. ఇంకో చీరిస్తా, ఇద్దరం కలిసి మడుస్తాం" అంది సుమలత.

పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు ఎదురుగా మనిషి లేదు, సున్నం కొట్టిన గోడ ఉంది. చీర చేతిలోకి తీసుకుని విప్పాడు. అంతే, చేతులు ఆగిపోయాయి. ఏ అంచు ఎటు పట్టుకోవాలో తెలియలేదు. చీరను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తన చేతులు తనవి కానట్టు అనిపించింది.

"ఏమన్నా, మరిసిపోయినావా?"

"గోడకు చూపిస్తాండానమ్మా" అన్నాడు అయోమయంగా. అనేశాక ఆ మాట తనకే వింతగా తోచి, ఫోను తీసుకుని పదోసారి చూశాడు.

ముప్పై నాలుగేళ్ళుగా, మూట మోసిన రోజుల నుంచీ, జరీ మెరిసేవైపు ఎదుటివాళ్ళకు కనపడేట్టే చీర పట్టుకున్నాడు. వీడియోలోనూ అంతే. జరీ కెమెరాకేసి ఉంది. అంచులను తన నుంచి అవతలికి, కెమెరాకేసే మడిచాడు. అందుకని జరీ లోపల పడింది. సుమలత కంటికి జరీ కనిపించింది కాబట్టి ఆమె జరీని తనవైపు పెట్టుకుంది. అతని చేతులు అవతలికి పోయాయి కాబట్టి ఆమె చేతులూ అవతలికే పోయాయి. దాంతో జరీ బయట పడింది.

అదంతా చెబితే సుమలత పకపకా నవ్వింది. "చీర కొని ఏడు నెల్లాయ, నువ్వు ఇంకా నాకు అమ్ముతానే ఉండావు గదన్నా!"

కాసేపటికి ఆమె నవ్వు ఆగింది. "ఇంకొకటి తియ్యి. మా అమ్మ నరసక్క హిందూపురంలో ఉండాది, డెబ్బై ఆరేండ్లు. ఆయమ్మ చూసి సరిగ్గా మడిస్తే, పదకొండు మందికీ నేను చెప్తా."

శుక్రవారం పూజయ్యాక మహేశ్వరిని కూర్చోబెట్టారు. పావని ఆమె వెనక స్టూలెక్కి, భుజం మీదుగా ఫోను వంచి పట్టుకుంది. మహేశ్వరి ఎవరికీ చూపించేట్టు మడవలేదు, రోజూ తన చీర మడుచుకున్నట్టే మడిచింది. చివర్లో ఉతికి ఆరేసిన తెల్ల నూలుబట్టలో చుట్టింది. ధర్మవరం పట్టు గొప్పదనం నాలుగు మాటలు చెప్పబోయాడు రామాంజినేయులు.

"వద్దు మామా. ఇది చూసేది కొన్నోళ్ళే, కొనబొయ్యేవాళ్ళు కాదు" అంది పావని.

అతను పక్కకు జరిగాడు. వీడియోలో తన ముఖం లేదు, గొంతు లేదు. ఉన్నవి మహేశ్వరి చేతులే. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ చేతుల వైపునుంచి చీరను చూడాలని తనకెందుకు తోచలేదో అర్థం కాలేదు.

శనివారం హిందూపురంలో నరసక్క గడప బయటే ఎదురుచూస్తోంది. అతను ధర్మవరం నుంచి మూట మోసుకుని బస్సుల్లో తిరిగి అమ్మిన రోజుల్లో కొన్నావిడ.

"ఏమప్పా, ముసిలిదానికి పరీక్ష పెట్టను వచ్చినావంట?"

"పరీక్ష నాదమ్మా, నీది కాదు" అన్నాడు.

ఫోను చూస్తూ ఆమె మెల్లగా మడిచింది. ఈసారి అతను ఎదురుగా కూర్చోలేదు, వెనక నిలబడ్డాడు. ఒక మడత, రెండు, మూడు. జరీ అంతా లోపలికి పోయింది. ఒక్క పోగు కూడా బయటికి కనపడలేదు. స్వామీ అనుకున్నాడు.

వీడియోలో మహేశ్వరి తెల్లబట్ట అందుకునే చోట నరసక్క ఆగిపోయింది.

"బట్టలో చుట్టల్లనా? బట్ట యాడుండాది నా దగ్గర? నువ్వు తీసకపోతివి గదప్పా."

"నేనా?"

"వానొస్తాందని, మూటకు కప్పుకుంటానని, మా ఇంటాయప్ప పంచె అడుక్కొని పోతివి. వచ్చే నెల తెస్తానంటివి. ఇరవై ఆరేండ్లాయ. చీరల దుడ్లు మాత్రం నెలనెలా గుర్తు పెట్టుకొని అడిగితివి."

ఆ వాన గుర్తొచ్చింది. బస్సు గుర్తొచ్చింది. పంచె ఏమైందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. రామాంజినేయులు సంచి విప్పాడు. వీడియోలో వాడిన నూలుబట్ట అందులో ఉంది. దులిపి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

నరసక్క దాన్ని మోచేతితో కొలిచి చూసింది. "మా పంచె ఇంకొక మూరెడు పొడుగుండె" అంది. చీరను అందులో చుట్టి, కొసలు లోపలికి దోపి, బీరువాలో పెట్టింది. తరువాత ఫోను తీసి కూతురితో అంది.

"మడిసినా సుమా, బాగుండాది. ఆ పదకొండు మందికీ చెప్పు. ఆఁ, ఇంకోమాట. నాయన పంచె వచ్చేసింది."